పన్నెండో జత కాళ్లు

సోమవారం సాయంత్రం ఐదు గంటలకు వెబ్‌సైట్ మూతపడుతుంది. ఆలోపు ధరణి తన ఎం.టెక్ ప్రాజెక్టు రిపోర్టు అందులో పెట్టకపోతే ఇంకో ఆరు నెలలు ఆగాలి. రిపోర్టు సిద్ధంగానే ఉంది. నూట పద్నాలుగు పేజీలు. ఫోటోలు, పట్టికలు, ఎక్స్‌రేలు అన్నీ ఉన్నాయి. ఒక్క పరీక్ష, ఒక్క సంతకం మిగిలాయి.

ఆ సంతకం పెట్టాల్సిన మనిషి శుక్రవారం పొద్దున వసారాలో కూర్చుని కోడిగుడ్డు తెల్లసొన గిలకొడుతున్నాడు.

ఆయన పేరు గురప్ప. అరవై ఎనిమిదేళ్లు. ధరణికి సొంత తాత. పుత్తూరు దాటి నగరి రోడ్డులో ఎముకలు విరిగినవాళ్లకు కట్టు కట్టే ఇల్లు ఆయనది. గేటు మీద నీలం బోర్డు, దాని మీద ఆయన పేరు. తెల్లసొన, నూరిన ఆకు, పాత చీర గుడ్డ, వెదురు బద్దలు. ఆయన సామానంతా ఇంతే. మిగతాదంతా చేతిలోనే ఉంది.

ఆ చేతికి ఒక నియమం ఉంది. విరిగిన కాలును ముట్టుకునే ముందు బాగున్న కాలును పట్టుకోవాలి. మోకాలి నుంచి చీలమండ దాకా బొటనవేలు జార్చుకుంటూ పోవాలి. అది ఎంత పొడవు, యాడ ఎత్తు, యాడ పల్లం అన్నది చేతికి గుర్తయ్యాకే విరిగినదాని జోలికి వెళ్లాలి. “రెండో కాలు చెప్తాది” అంటుంటాడు గురప్ప.

ధరణి ప్రాజెక్టు ఆ మాట మీదే. ఏర్పేడు దగ్గరున్న ఇంజనీరింగ్ సంస్థలో ఆమె చదువుతోంది. ఎప్పుడో కాళ్లు విరిగి, అతుక్కుని, మామూలుగా నడుస్తున్న పదకొండు మందిని వెతికి పట్టుకుంది. వాళ్లను మంచాల మీద పడుకోబెట్టి, నడుము నుంచి పైకి కనపడకుండా అడ్డంగా దుప్పటి కట్టింది. కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఏ కాలు విరిగింది, ఎక్కడ, ఎంత పొట్టి అయింది అన్నది చేత్తో చూసి చెప్పాలి. తర్వాత ఎక్స్‌రేతో సరిచూస్తారు. కిందటి శనివారం గురప్ప చూశాడు. పదకొండు మందిలోనూ విరిగిన కాలును పట్టేశాడు.

పన్నెండో మంచం ఒక వల. దాని మీద ఏనాడూ ఎముక విరగని మనిషిని పడుకోబెట్టారు. చూసేవాడు అక్కడ కూడా ఏదో విరిగిందని రాశాడంటే ఊహించి రాస్తున్నాడని అర్థం. అతని కాగితం మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది. గురప్ప ఆ వలలో పడలేదు. “ఇవి విరగలేదు పో” అన్నాడు. ఆ వల సంగతి పరీక్ష అయ్యాక ధరణి ఆయనకు చెప్పి నవ్వింది.

ధరణి గైడు రఘునాథ్ సారు మాత్రం నవ్వలేదు. ఒక మనిషి చేయి బాగా చెప్పిందంటే అది ఆ మనిషి గొప్ప అన్నాడు. రెండో చేయి కూడా, మొదటిది ఏం చెప్పిందో తెలియకుండా, అదే చెబితేనే అది విద్య అన్నాడు. ఆ రెండో మనిషి శిష్యుడు కాకూడదు, గురువు మాటే చెబుతాడు. డాక్టరూ కాకూడదు, ఆయన దారి వేరు. పీర్ కావాలి. అతను తనకు పీర్ అని మొదటి మనిషే సంతకం పెట్టి ధ్రువీకరించాలి.

“పీర్ అంటే ఎవురు?” అన్నాడు గురప్ప, గిలకొట్టడం ఆపకుండా.

ధరణి వివరించింది. లాటిన్‌లో ‘పార్’ అంటే సమానం. అది ఫ్రెంచి వాళ్ల నోట నలిగి ఇంగ్లీషులోకి వచ్చి పీర్ అయింది. ఒకరికి పైనా కాదు, కిందా కాదు, పక్కన నిలబడేవాడు. జతను ‘పెయిర్’ అంటామే, పోల్చి చూడటాన్ని ‘కంపేర్’ అంటామే, అవీ ఆ మాట పిల్లలే. నువ్వు రెండు కాళ్లు పట్టుకుని చేసేది అదే కదా తాతా అంది.

గురప్పకు ఆ భాగం నచ్చింది. మిగతాది నచ్చలేదు.

“నాకు సాటి ఎవురూ లేరు. అట్లే రాసుకో.”

సాటి లేనివాడికి కూడా ఇంగ్లీషులో మాట ఉందని ధరణి చెప్పింది. ‘నాన్‌పెర్’ అనేవాళ్లట. ఇద్దరిలో ఎవరికీ జత కాని మూడోవాడు, తగవు తీర్చేవాడు. అదే అరిగి అరిగి అంపైర్ అయింది. గురప్ప మొహం వెలిగింది. అయితే నేను అంపైర్ అన్నాడు.

వంటింటి గడపలో చెంగమ్మ చింతపండు పులుసు వడగడుతోంది. ఆయన భార్య. నలభై ఆరేళ్ల కాపురం.

“అంపైరు ఆట ఆడడు గదా. ఊరికే నిలబడుకోనుంటాడు” అంది. తర్వాత, పులుసు గిన్నెలోకే చూస్తూ, “రాజారత్నం ఉండాడు గదా” అని చేర్చింది.

తెల్లసొన గిలకొట్టే చప్పుడు ఆగిపోయింది.

“వాడు ఆకు నూరేవాడు” అన్నాడు గురప్ప.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది, చేయి విరిగిన ముసలామెతో. ధరణి గబగబా మెట్టు దిగి, కాలికి తగిలిన చెప్పులు తొడుక్కుని పరుగెత్తింది. రెండడుగులు వేసేసరికి ఎడమకాలు ఏదో ఎత్తు మీద మోపినట్టు తేడాగా అనిపించింది. వెనక నుంచి గురప్ప కేక. తన చెప్పులు ఎవరూ తొడగకూడదని ఎన్నిసార్లు చెప్పాలని. ధరణి వాటిని విడిచి వట్టికాళ్లతో వెళ్లింది. ముసలివాళ్లకు ఏవో పట్టింపులు ఉంటాయి. ఆమె అంతకుమించి ఆలోచించలేదు.

ఆలోచించి ఉండాల్సింది.

* * *

శనివారం పదకొండు గంటలకు ధరణి కార్వేటినగరం మీదుగా వెళ్లే బస్సు దిగి, పెనుమూరు రోడ్డులో ఒక రేకుల షెడ్డు ముందు నిలబడింది. బోర్డు లేదు. బోర్డు అవసరం కూడా లేదు. చేతులకూ కాళ్లకూ వెదురు బద్దలతో పద్నాలుగు మంది బెంచీల మీద కూర్చుని ఉన్నారు.

రాజారత్నానికి అరవై ఆరు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఒక పిల్లవాడి బాగున్న చేతిని పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. విరిగిన చేతి వంక ఇంకా చూడనేలేదు. తల వంచే తీరు, బొటనవేలు జార్చే తీరు, మధ్యలో ఊపిరి బిగబట్టే తీరు అన్నీ తాతవే.

ఆయన కూతురు స్టెల్లా చిత్తూరులో నర్సు. ఆ రోజు సెలవు. ధరణి ఎవరి మనవరాలో తెలియగానే ఆమె మొహం బిగుసుకుంది. తండ్రి చెప్పని కథ ఆమే చెప్పింది.

గురప్ప నాయన దొరస్వామి ఉన్న రోజుల్లో రాజారత్నం పద్నాలుగేళ్ల వయసులో ఆ ఇంట్లో ఆకు నూరడానికి కుదిరాడు. కూలి ఇంటి బిడ్డ. చర్చికి పోయే కుటుంబం. ఎముక ముట్టుకునే హక్కు లేదు. పట్టుకోమంటే పట్టుకోవాలి, వదలమంటే వదలాలి. దొరస్వామి పోయాక గురప్పతో పాటు ఆయనా కట్లు కట్టాడు. జనం ఇద్దరి దగ్గరికీ సమానంగా వచ్చేవాళ్లు. ఇరవై ఏళ్ల కిందట గేటుకు కొత్త బోర్డు రాయిస్తుంటే, కింద చిన్న అక్షరాల్లో తన పేరు కూడా వేయించమని అడిగాడు. జీవితంలో ఆయన అడిగింది అదొక్కటే. ఇరవై మంది రోగుల ముందు గురప్ప నవ్వాడు. ఆకు నూరేవాడికి బోర్డెందుకు అన్నాడు. రాజారత్నం భుజం మీద తువ్వాలు సర్దుకుని బయటికి నడిచాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

“ఇప్పుడొచ్చి మా నాయనకు పరీక్ష పెడతారా మీరు?” అంది స్టెల్లా.

ధరణి దగ్గర ఒక మాట మాత్రమే ఉంది. అది చెప్పింది. పీర్ అంటే ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పింది. ఇంగ్లండులో రాజు కొలువులో ఉన్న ప్రభువులను కూడా పీర్లనే పిలుస్తారనీ, వాళ్లలో వాళ్లు సమానులు కాబట్టి ఆ పేరు వచ్చిందనీ, రానురాను ఆ మాట వింటేనే గొప్ప దొర గుర్తొచ్చేటట్టు అయిందనీ చెప్పింది.

రాజారత్నం మొదటిసారి నవ్వాడు.

“సమానం అనే మాట గూడా పైకి పొయ్యేకొద్దీ దొరైపోయిందన్నమాట.”

పిల్లవాడి చేతికి కట్టు ముడి వేశాడు. అయ్యకు తెలుసా అని గురప్ప గురించి అడిగాడు. ఇంకా తెలియదని చెప్పింది. ఆ ఇంటికి రానన్నాడు. ఏర్పేడైతే వస్తానన్నాడు. అది ఇద్దరిలో ఎవరి గడపా కాదు.

ఆదివారం గురప్పకు చెప్పినప్పుడు ధరణి పెద్ద రాద్ధాంతానికి సిద్ధపడింది. ఆయన అరవలేదు. అది ఇంకా భయంగా ఉంది. తానూ వస్తానన్నాడు.

“వాడు తప్పు చెప్పేది నేను సూడాల. పన్నెండూ సరిగ్గా చెప్తే సంతకం పెడతా. ఒక్కటి తప్పినా లేదు.”

* * *

సోమవారం. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు.

పదకొండు మంది వచ్చేశారు. పదకొండు మంచాల మీద దుప్పట్ల వెనక పడుకున్నారు. రాజారత్నం, స్టెల్లా వరండాలో కూర్చున్నారు. గురప్ప, చెంగమ్మ పక్క గదిలో ఉన్నారు. చెంగమ్మ ఒళ్లో పెరుగన్నం డబ్బా. ఇద్దరు మగవాళ్లూ ఇంకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పన్నెండో మంచం ఖాళీగా ఉంది.

ఆ మంచం మీద పడుకోవాల్సింది మునిప్రసాద్, ల్యాబులో రిటైరైన వాచ్‌మన్. ధరణి ఫోన్ చేసింది. బంధువుల పెళ్లికి శ్రీకాళహస్తి వచ్చాను, మరిచేపోయాను తల్లీ అన్నాడు. వెనక నాదస్వరం గట్టిగా వినిపించింది.

మిగతావాళ్లలాగే అరవై దాటిన మనిషి కావాలి. ఏనాడూ కాలు విరగనివాడు కావాలి. ఇప్పటికిప్పుడు కావాలి.

ధరణి చూపు పక్క గది వైపు తిరిగింది. నొప్పితో ఏడ్చే ప్రతి రోగికీ గురప్ప చెప్పే మాట ఆమె పుట్టినప్పటి నుంచి వింటోంది. ఇన్నేళ్లలో నా ఒంట్లో ఒక్క ఎముకా విరగలేదు, ఎందుకో తెలుసా, ఎముకలకు నేనంటే భయం అని.

“తాతా, నువ్వు పడుకో” అంది.

గురప్ప తనకు ఒంట్లో బాగాలేదన్నాడు. రఘునాథ్ సారు అక్కడే ఉన్నాడు. పది నిమిషాల పనే కదా, మీ కాళ్లే కదా కావాల్సింది అన్నాడు. గురప్ప చెంగమ్మ వైపు చూశాడు. చెంగమ్మ డబ్బా మూత వైపు చూసింది. వద్దనడానికి కారణం చెప్పాలి. చెప్పగలిగిన కారణం ఆయన దగ్గర లేదు.

వెళ్లి పడుకున్నాడు. చెప్పులు విప్పి, వాటిని తన చేత్తోనే మంచం కింద లోపలికంటా తోశాడు. ధరణి చూసింది. దుప్పటి కట్టింది.

మూడూ ఇరవైకి రాజారత్నాన్ని లోపలికి పిలిచారు.

ఆయన ప్రతి మంచం దగ్గరా ఒకటే పని చేశాడు. మోకాళ్లు నేలకు ఆనించి కూర్చుని, రెండు కాళ్లనూ ఒకేసారి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. బొటనవేళ్లు రెండూ పక్కపక్కనే, ఒకే వేగంతో, మోకాలి నుంచి కిందికి జారాయి. తర్వాత పెన్సిలుతో తెలుగులో రాశాడు. ఒకటో మంచం: కుడికాలు, చీలమండకు బెత్తెడు పైన, తేడా లేదు. రెండోది: ఎడమకాలు, అర వేలు పొట్టి. ధరణి ఎక్స్‌రేల ఫైలు గుండెలకు హత్తుకుని వెనకే నడిచింది. తప్పు లేదు. మళ్లీ తప్పు లేదు. ఏడో మంచం దగ్గర ఆయన రాసింది చూసి ఆమె కళ్లు పెద్దవయ్యాయి. కానీ ఏమీ అనకూడదు.

నాలుగు కావడానికి ఐదు నిమిషాలుండగా పన్నెండో మంచం దగ్గర కూర్చున్నాడు.

బొటనవేళ్లు జారాయి. కుడివైపుది చీలమండ దాకా పోయింది. ఎడమవైపుది మోకాలి కింద జానెడు దూరంలో ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. దుప్పటి వెనక ఊపిరి కూడా వినిపించడం లేదు.

రాజారత్నం కళ్లు తెరిచాడు. కాలును చూడలేదు, దుప్పటిని చూశాడు. తర్వాత అరచేతిని ఆ ఎముక మీద మెల్లగా పరిచాడు, పడుకున్న బిడ్డ నుదురు మీద వేసినట్టు. కాసేపు అలాగే ఉంచాడు. పెన్సిలు తీసుకున్నాడు. కాగితం మీద పెట్టాడు. తీసేశాడు.

“ఈ జత గురించి నాకు తెలీలేదని రాసుకో పాపా.”

పదకొండు చెప్పిన మనిషికి, విరగని కాళ్లు విరగలేదని చెప్పడం రాలేదా? అలసిపోయారా, నీళ్లు తాగి మళ్లీ చూడమంది. అక్కర్లేదన్నాడు. రఘునాథ్ సారు వీలైనంత మెత్తగా చెప్పాడు. ఒక్క మంచం వదిలేసినా కాగితం పనికిరాదని.

గుమ్మంలో నిలబడ్డ స్టెల్లా లోపలికి వచ్చేసింది. “నాయనా, నీకు తెలీకుండా ఎట్ల పోతాది?”

రాజారత్నం భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. తలుపు వైపు నడిచాడు.

దుప్పటి వెనక మనిషికి అన్నీ తెలుసు. ఊరికే పడుకుంటే చాలు. రాజారత్నం ఓడిపోయి వెళ్లిపోతాడు. సంతకం పెట్టాల్సిన పని ఉండదు. ‘ఆకు నూరేవాడు’ అన్న మాట నిజమైపోతుంది. రహస్యం ఇంకో ఇరవై ఏళ్లు భద్రంగా ఉంటుంది. మనవరాలికి ఆరు నెలలు పోతాయి, అంతే.

తలుపు గడియ చప్పుడైంది.

“రత్నం.”

అందరూ తిరిగారు.

“తెలీదని అబద్ధం చెప్తావేందిరా. రాయి. ఎడమకాలు. నువ్వు కట్టిన కాలే గదా అది.”

గురప్ప లేచి కూర్చుని దుప్పటిని తానే లాగేశాడు.

* * *

గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడాయన. ఆగితే మళ్లీ చెప్పలేనని భయం కాబోలు.

నలభై ఆరేళ్ల కిందట ఎండాకాలం. పెళ్లయి నెల. దొరస్వామి మద్రాసులో ఒక మిల్లు యజమాని కొడుక్కి కట్టు కట్టడానికి వెళ్లి, కట్టు విప్పే దాకా నలభై ఐదు రోజులు అక్కడే ఉండిపోయాడు. ఆయన బయల్దేరిన మర్నాడే, కొత్త పెళ్లాం కంటికి కనిపించిన చిటారు కొమ్మ మామిడికాయ కోసం గురప్ప చెట్టెక్కాడు. కొమ్మ విరిగింది. కాలూ విరిగింది. ఇంట్లో కట్టు తెలిసినవాళ్లు లేరు. ఆరేళ్లుగా ఆకు నూరుతూ, పక్కనుంచి చూస్తూ ఉన్న ఇరవై ఏళ్ల కుర్రవాడు తప్ప.

మామిడికాయలు మాగబెట్టే గదిలో రాజారత్నం మొదటిసారి ఎముకను పట్టుకున్నాడు. గుడ్లు చెంగమ్మ తెచ్చిచ్చింది. నాయనకు తెలిస్తే రత్నాన్ని చెట్టుకు కట్టి కొడతాడని, ముగ్గురూ ఒట్టు వేసుకున్నారు. కాలు అతికింది. వేలు మందం పొట్టి అయింది. పుత్తూరులో చెప్పులు కుట్టే మనిషి చేత ఎడమ చెప్పులో తోలు పొర ఒకటి వేయించుకున్నాడు గురప్ప. నలభై ఆరేళ్లుగా ఎన్ని చెప్పులు మారినా ఆ పొర మారలేదు.

“మా నాయన ఉన్నన్నాళ్లూ నీకోసరం దాచినా” అన్నాడు, రాజారత్నం వైపు చూడకుండా. “నాయన పోయినాక నాకోసరం దాచినా. చెప్పుంటే బోర్డు మీద నీ పేరు రాయించాల్సొచ్చేది.”

ధరణి చెంగమ్మ వైపు చూసింది. అవ్వ మొహంలో ఆశ్చర్యం ఏమీ లేదు. శుక్రవారం పులుసు గిన్నెలోకి చూస్తూ రాజారత్నం పేరు ఎందుకు తీసిందో ధరణికి ఇప్పుడు అర్థమైంది.

ఆమెకు ఇంకొకటి కూడా అర్థమైంది. ఇరవై మంది ముందు గురప్ప నవ్విన రోజున, నీ కాలు ఎవరు కట్టారో చెప్పమంటావా అని ఒక్క మాటంటే రాజారత్నం గెలిచేవాడు. ఆ మాట అనలేదు. ఇవాళ కూడా ఎముక గురించి అబద్ధం రాయలేకపోయాడు. ఇచ్చిన మాట తప్పలేకపోయాడు. అందుకని ఓడిపోవడానికి ఒప్పుకున్నాడు.

రాజారత్నం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“ఇంకొంచెం లాగుండాల్సింది ఆపొద్దు. లాగితే పొట్టి అయ్యుండదు. నువ్వు ఏడస్తావుంటివి, నాకు చెయ్యాడలేదు.”

“ఏడ్చింది నువ్వు” అన్నాడు గురప్ప.

“ఇద్దురూ ఏడ్చినారు” అంది చెంగమ్మ. “నేను సూసినా గదా.”

రఘునాథ్ సారు ధరణిని రాజారత్నానికి వినపడకుండా పక్కకు పిలిచి గడియారం చూపించాడు. నాలుగూ పదిహేను. పన్నెండో మంచం చెల్లదు. విరగని కాళ్లు ఇప్పుడు కావాలి.

ధరణి పరుగెత్తింది. రెండు భవనాలు దాటి, క్యాంటీన్ వంటగదిలోకి దూసుకుపోయి, మునిచంద్రను పట్టుకుంది. అరవై రెండేళ్లు. పూరీ పిండి చేతులు. ఎప్పుడైనా కాలు విరిగిందా అని అడిగింది. లేదన్నాడు. నిజం చెప్పమంది. ఒట్టేయమంది. సాయంత్రం టిఫిను ఎవరు చేస్తారని ఆయన గొడవ పెడుతుండగానే చేయి పట్టుకుని లాక్కొచ్చింది.

నాలుగూ ముప్పై ఒకటికి రాజారత్నం రాశాడు: “విరగలేదు. రెండూ ఒకటే.”

ధరణి ఫైలు తెరిచింది. ఎక్స్‌రేలు బల్ల మీద వరసగా పరిచింది. మునిచంద్ర మాటతో కలిపి పన్నెండుకు పన్నెండు. ఏడో మంచం దగ్గర ఆగింది. మొదటి పరీక్షలో గురప్ప ఆ కాలు ఒక చోట విరిగిందని రాశాడు. రాజారత్నం రెండు చోట్ల అని రాశాడు. ఎక్స్‌రేలో రెండు గీతలు ఉన్నాయి. రెండోది వెంట్రుకంత.

గురప్ప ఆ ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

“సాటి అని రాయమంటే ఎట్ల రాసేది. వీడు నాకంటే పైన ఉండాడు గదా.”

“పైనా కిందా లేదు తాతా, పక్కన” అంది ధరణి. “సంతకం పెట్టు. టైమైపోతాంది.”

పెన్ను తీసుకున్నాడు. రెండో పరీక్షకుడు నాకు పీర్ అని ధ్రువీకరిస్తున్నాను అన్న వాక్యం కింద సంతకం చేశాడు. దాని కింద ఇంకో ఖాళీ గీత ఉంది. ఏ ఆధారంతో ధ్రువీకరిస్తున్నారో రాయమని. గురప్ప ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండు మాటలు రాసి పెన్ను మూత పెట్టేశాడు.

‘నా ఎడమకాలు.’

నాలుగూ యాభై రెండుకు రిపోర్టు వెబ్‌సైట్లోకి ఎక్కింది.

* * *

ఏర్పేడు రోడ్డు మీద బస్సుల కోసం నలుగురూ ఆగారు. పుత్తూరు వెళ్లేదానికి ఇంకా టైముంది. చిత్తూరు వెళ్లేది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. స్టెల్లా, చెంగమ్మ పెరుగన్నం పంచుకుంటున్నారు. స్టెల్లా ఇంకా ముభావంగానే ఉంది, కానీ ఊరగాయ రెండోసారి అడిగి వేయించుకుంది.

సిమెంటు బెంచీ మీద ఇద్దరు ముసలివాళ్లు చెరో చివర కూర్చున్నారు.

నన్నింక అయ్యా అని పిలవొద్దన్నాడు గురప్ప. పేరు పెట్టి పిలువు, లేదంటే సాటివాణ్ని పిలిచినట్టు అప్పా అను అన్నాడు.

రాజారత్నం ప్రయత్నించాడు. నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. తల అడ్డంగా ఊపాడు.

“రాదయ్యా. కాలైతే లాగి సరిజేస్తా. నాలికను యాడ పట్టుకోని లాగేది?”

గురప్ప గట్టిగా నవ్వాడు. నవ్వి, లేచి నిలబడబోయి, ఎడమవైపుకు ఒరిగి మళ్లీ కూర్చున్నాడు. రాజారత్నం చూశాడు. తుంటి నొప్పి ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. ఏడాదిగా ఉందని గురప్ప ఒప్పుకున్నాడు. ఇంట్లో కూడా చెప్పని సంగతి అది.

రాజారత్నం బెంచీ దిగి, చెప్పు కోసం కింద కూర్చోబోయాడు.

“నా కాళ్ల కాడ కూర్చోవద్దు” అన్నాడు గురప్ప.

అయితే ఎలా చూడాలన్నాడు రాజారత్నం. మళ్లీ బెంచీ మీదే కూర్చున్నాడు, ఈసారి పక్కనే. గురప్ప ఎడమకాలును రెండు చేతులా ఎత్తి తన ఒళ్లో పెట్టుకున్నాడు. చెప్పు విప్పి, లోపలి తోలు పొరను బొటనవేలితో నొక్కి చూశాడు. సగానికి సగం అరిగిపోయింది. ఇంత అరిగినా మార్చకపోతే తుంటి నొప్పి రాకుండా ఎలా ఉంటుందని తిట్టాడు. మంచి తోలు తన దగ్గర ఉందనీ, గురువారం పొద్దున తెస్తాననీ అన్నాడు.

“యాడికి?” అన్నాడు గురప్ప.

“మీ ఇంటికే.”

చెంగమ్మ డబ్బా మూత పెడుతూ తల తిప్పింది. “వచ్చేటప్పుడు పెయింటర్ని గూడా పిలుచుకోని రా రత్నం. ఈయన పిలవడు.”

గురప్ప బస్సు వస్తుందేమోనని రోడ్డు చివరకు చూస్తూ కూర్చున్నాడు. రాజారత్నం ఒళ్లోంచి కాలు మాత్రం తీయలేదు.